అన్నిచోట్లా ఉన్నాడు పంతులు, ఒక్క బడిలో తప్ప

2020 మే నెల. లాక్‌డౌన్ కాస్త సడలింది. బడి తాళం బడికే ఉంది. మద్యం షాపు తాళం మాత్రం తీశారు. విశాఖపట్నం జిల్లాలో షాపుల ముందు జనం ఎగబడ్డారు. మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలి కదా! ఆ ఎడం ఎవరు చూడాలి? పోలీసులు చాలరనుకున్నారో ఏమో, అధికారులకు చప్పున పంతులు గుర్తొచ్చాడు. నిజమే మరి, మనుషుల్ని వరసలో నిలబెట్టే విద్య ఇంకెవరికి వచ్చు? ప్రేయర్‌లో పిల్లల్ని నిలబెట్టే మాస్టార్లు, ఎండలో నిలబడి క్వార్టర్ సీసా కోసం వచ్చినవాళ్లని వరసలో పెట్టారు. ఆ వరసలోంచి ఎంతమంది పాత శిష్యులు ‘నమస్తే సార్’ అన్నారో ఏ నివేదికలోనూ లేదు.

కాబట్టి మాస్టార్లు దొరకడం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. దొరుకుతారు. ఓటరు జాబితా పట్టుకుని వీధుల్లో దొరుకుతారు. పోలింగ్ బూత్‌లో దొరుకుతారు. సర్వే ఫారాలతో మీ ఇంటి గుమ్మంలో దొరుకుతారు. ఎంఈవో ఆఫీసులో డిప్యుటేషన్ మీద కంప్యూటర్ ముందు దొరుకుతారు. మంత్రిగారి సభకి పిల్లల్ని బస్సెక్కించే చోట దొరుకుతారు. బడిలో, బోర్డు ముందు, చేతిలో సుద్దముక్కతో కావాలంటేనే చచ్చినా దొరకరు. దీనికి సర్కారువారు పెట్టుకున్న ముద్దుపేరు ‘కొరత’. వానల్లేక వచ్చిన కరవులా వినిపిస్తుంది. ఎవరూ ఏమీ చేయలేదు, దానంతటదే వచ్చిపడింది!

చట్టం ఏమంటోంది? 2009 నాటి విద్యాహక్కు చట్టం, 27వ సెక్షన్. పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు. ఈ మూడూ తప్ప చదువుకి సంబంధం లేని ఏ పనికీ టీచర్ని వాడుకోకూడదు. ఇది ఉపాధ్యాయ సంఘం కరపత్రం కాదు, పార్లమెంటు చేసిన చట్టం. మరి మద్యం షాపు వరస ఈ మూడింట్లో దేని కిందికొస్తుంది? విపత్తు సహాయమా? కావచ్చు. ఖజానాకి వచ్చిన విపత్తు.

ఆంధ్రాని ఒక్కదాన్నే ఆడిపోసుకుంటే తెలంగాణ చిన్నబుచ్చుకుంటుంది. 2024 నవంబరులో అక్కడ ఇంటింటి కుల సర్వే మొదలైంది. ప్రాథమిక బడుల్లో పాఠం చెప్పే ఎస్జీటీలు 36 వేల మందికి పైగా డ్యూటీలు పడ్డాయి. ప్రాథమిక పాఠశాలలు మధ్యాహ్నం ఒంటిగంటకే బందు. మధ్యాహ్న భోజనం పెట్టి ఇంటికి పంపడం, సంచీ భుజాన వేసుకుని ఇళ్లు లెక్కపెట్టడం. కులాల లెక్క తేలాలా వద్దా అంటే తేలాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ లెక్క తేల్చడానికి ఒకటో తరగతి పిల్లాడి మధ్యాహ్నమే దొరికిందా? సచివాలయానికి ఒంటిపూట ఇచ్చారా? రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఇచ్చారా? ఇవ్వరు. ఇస్తే ఆదాయం పోతుంది. బడికి ఒంటిపూట ఇస్తే ఏం పోతుంది? ఎక్కాలు పోతాయి, అంతే కదా!

మనమేమైనా తక్కువ తిన్నామా? కరెంటు అరగంట పోతే లైన్‌మన్‌కి పది ఫోన్లు కొడతాం. వారాల తరబడి ఒంటిపూట బడి నడిస్తే ఒక్కరం నోరెత్తామా? మన పిల్లలు ఆ బడిలో లేరు కదా, ఎందుకెత్తుతాం!

ఇక యాప్‌లు. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం బడులకు రంగులేసింది, బల్లలిచ్చింది, మరుగుదొడ్లు బాగుచేసింది. మంచిపనే. కాదంటే పాపం తగులుతుంది. తిప్పలు తర్వాత మొదలయ్యాయి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని సాక్ష్యం ఎవరు చెప్పాలి? మాస్టారు. నోటితో చెబితే చాలదు. ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. ఎమ్మెస్సీ, బీఈడీ చదివి కాంతి పరావర్తనం బోధించాల్సిన మనిషి, బేసిన్ మీద వెలుతురు సరిగ్గా పడిందా లేదా అని వంగి చూసుకోవాల్సి వచ్చింది. అన్నం వండారా? ఫొటో. గుడ్లు ఎన్ని? నమోదు. చిక్కీలు ఎన్ని మిగిలాయి? నమోదు. బూట్లకి పిల్లల కాలి కొలతలు? అవీ మాస్టారే. టైలరు పని, వంటవాడి పని, గుమాస్తా పని, పాకీ పనికి మేస్త్రీ పని. ఇన్ని పనులు తెలిసిన మనిషికి పాఠం చెప్పే పనొక్కటే ఇవ్వడం ప్రభుత్వానికి నామోషీ అనిపించి ఉంటుంది.

2022లో ముఖ హాజరు యాప్ వచ్చింది. ఫోన్ మాస్టారిది. డేటా మాస్టారిది. మొహం కూడా మాస్టారిదే. అనుమానం ఒక్కటే సర్కారుది. టవర్ లేని ఏజెన్సీ గూడెంలో సిగ్నల్ కోసం చెయ్యెత్తి నిలబడ్డ మాస్టార్ని చూసి, ఎవరికి దండం పెడుతున్నాడో తెలియక పిల్లలు బిక్కమొహాలు వేశారు. తెలంగాణ కొన్నాళ్లు నవ్వుకుని, 2025 ఆగస్టులో తనూ అదే మొదలుపెట్టింది. టీచరు వచ్చాడా అని అడిగే యాప్ రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. వచ్చినవాణ్ణి పాఠం చెప్పనిచ్చారా అని అధికారిని అడిగే యాప్? దానికి ఇంకా టెండరు పిలవలేదు.

ఎమ్మెల్యే అసెంబ్లీకి వచ్చాడో లేదో తెలుసుకోవడానికి మొహం చూపించే యాప్ ఉందా? ఊరికే అడిగాను.

ఇప్పుడు కొంచెం లెక్కలు. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ అని ఏటా లెక్కలు విడుదల చేస్తుంది. 2024-25 లెక్క ప్రకారం దేశంలో ఒకే ఒక్క టీచరుతో నడిచే బడులు 1,04,125. వాటిలో 33 లక్షలకు పైగా పిల్లలున్నారు. ఈ ఘనతలో దేశంలో మొదటి ర్యాంకు ఎవరిది? ఉత్తరప్రదేశ్‌ అనుకుంటున్నారా? బిహార్‌ అనుకుంటున్నారా? కాదు సార్. ఆంధ్రప్రదేశ్‌ది. 12,912 బడులు. ప్రతి ర్యాంకుకీ పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటన ఇచ్చే రాష్ట్రం, ఈ ర్యాంకుకి కాలమ్ సెంటీమీటరు కూడా ఇవ్వలేదు. అరవై మంది పిల్లలలోపు ఉన్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లుండాలని అదే విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. అంటే ఇందులో ప్రతి ప్రాథమిక బడీ రోజూ పొద్దున్నే గంట కొట్టి మరీ చట్టాన్ని ఉల్లంఘిస్తోంది.

తెలంగాణకి ఇంకో విభాగంలో రెండో ర్యాంకు వచ్చింది. పిల్లలు ఒక్కరూ లేని బడులు. పశ్చిమ బెంగాల్ మొదటిది, తెలంగాణ 2,245 బడులతో రెండోది. ఆ బడుల్లో వెయ్యికి పైగా టీచర్లు ఉన్నట్టు కాగితాల మీద ఉంది. ఒక రాష్ట్రంలో అయిదు తరగతులకి ఒకే పంతులు. పక్క రాష్ట్రంలో పంతులుంటే పిల్లల్లేరు, పిల్లలుంటే పంతుళ్లు చాలరు. రెండు రాష్ట్రాలూ పోట్లాడుకోకుండా పంచుకున్న ఆస్తి బహుశా ఇదొక్కటే.

అయిదు తరగతులకి ఒకే పంతులంటే ఏమిటో ఏసీ గదిలో కూర్చుని ఊహించడం కష్టం. ఒకటో తరగతికి అ ఆలు దిద్దించాలి. అదే సమయంలో అయిదో తరగతికి భిన్నాలు చెప్పాలి. మూడో తరగతి వాడు పక్కవాణ్ణి గిల్లాడు, తీర్పు చెప్పాలి. ఫోన్ మోగుతుంది, వాట్సాప్ గ్రూపులో మెసేజ్: ‘అర్జంట్, అర్ధగంటలో వివరాలు పంపవలెను.’ ఈ అర్జంట్ వివరాలు నిరుడూ పంపాడు, మొన్న నెలలోనూ పంపాడు. మాస్టారికి జ్వరమొస్తే బడికే జ్వరం. మీటింగుకి మండలం వెళితే ఆ రోజు బడి మూత.

ఇలాంటి బళ్లున్న ఆంధ్రలో గత ప్రభుత్వం ఏం చేసింది? ఇంకో టీచర్ని పంపిందా? ఛ, అంత చిన్న ఆలోచన ఎందుకు! 2023లో సర్కారు బడి పిల్లలకి టోఫెల్ శిక్షణ మొదలుపెట్టింది. 2024 జనవరిలో అంతర్జాతీయ ఐబీ సిలబస్‌కి ఒప్పందం రాసుకుంది. ఎనిమిదో తరగతికి బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు పంచింది. తర్వాత ఆ బైజూసే దివాలా కోర్టు మెట్లెక్కింది. ట్యాబ్‌లో పాఠం చెప్పినవాడికి రాష్ట్ర స్థాయిలో చప్పట్లు. బడిలో పాఠం చెప్పాల్సినవాడి చేతికి చిక్కీల రిజిస్టరు.

2022లో జీవో 117 తెచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు. ఊళ్లో బడికి ఒకటి, రెండు తరగతులు, ఒక్క పంతులు మిగిలారు. తల్లులు గేట్ల దగ్గర ధర్నాలు చేశారు. చాలామంది పిల్లలు కలిపిన బడికి వెళ్లలేదు, పసుపు రంగు ప్రైవేటు బస్సెక్కారు. ప్రభుత్వం మారింది, 2025లో ఆ జీవో పోయింది. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. ఇక్కడ ఒక అయ్యవారి తప్పుల్ని ఇంకో అయ్యవారు దిద్దుతున్నారు. దిద్దుడైనా సాఫీగా ఉందా? వెనకటి ఆరు రకాల బడులు తీసేసి తొమ్మిది రకాలు పెట్టారు. శాటిలైట్ ఫౌండేషన్ స్కూలు, ఫౌండేషనల్ స్కూలు, బేసిక్ ప్రైమరీ, మోడల్ ప్రైమరీ... పేర్లు చూస్తే శ్రీహరికోట నుంచి ప్రయోగిస్తున్నారేమో అనిపిస్తుంది. మా చిన్నప్పుడు బడి ఒక్కటే రకం. పంతులున్న బడి.

సరే, మనుషులు లేకనా ఇదంతా? చూద్దాం. టీచర్ల నియామకానికి ఆంధ్రప్రదేశ్ పెట్టిన మెగా డీఎస్సీలో పోస్టులు 16,347. పోటీపడింది మూడు లక్షల ముప్ఫై వేలకు పైగా అభ్యర్థులు. వాళ్లు పెట్టిన దరఖాస్తులు అయిదు లక్షల డెబ్బై ఏడు వేలకు పైనే. కొరతట కొరత! అవనిగడ్డ వెళ్లి చూడండి. ఊరికి ఊరే డీఎస్సీ కోచింగ్ మీద బతికింది. ఒక్కో గదిలో అయిదారుగురు, మెస్సులో సాంబారన్నం, పుస్తకాల మధ్య నెరిసిన తలలు. కొరత లేనిది టీచర్లకే కాదు, టీచరు ఉద్యోగం ఇస్తామనే హామీలకీ.

ఈ హామీల చరిత్ర చదివితే నవ్వొస్తుంది, నవ్వయ్యాక ఒళ్లు మండుతుంది. తెలంగాణ 2014లో పుట్టింది. పుట్టించిన ఉద్యమంలో నియామకాలు ఒక ప్రధాన నినాదం. మొదటి టీచరు నోటిఫికేషన్ ఎప్పుడు? 2017 అక్టోబరు, 8,792 పోస్టులు. ఆ తర్వాతది? 2023 సెప్టెంబరు, 5,089 పోస్టులు. నవంబరులో ఎన్నికలు, ఇది కాకతాళీయమే, అనుమానించకండి! పరీక్ష జరగకముందే ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు దాన్ని రద్దుచేసి 11,062 పోస్టులతో ఇంకోటి వేశారు. 2024 అక్టోబరులో ఎల్బీ స్టేడియంలో కాగితాలు పంచారు. వాళ్లు చెప్పింది చేశారు, ఒప్పుకుందాం. ఆంధ్రలో? 2018లో ఒకటి. మెగా డీఎస్సీ అంటూ 2019లో గద్దెనెక్కినవారు అయిదేళ్లు కాలక్షేపం చేసి 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు. మేలో ఎన్నికలు. అదీ కాకతాళీయమే! తర్వాత వచ్చినవారు 2024 జూన్‌లో మెగా డీఎస్సీ మీద తొలి సంతకం పెట్టారు. సంతకం ఆరడానికి పది నెలలు పట్టింది. నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. సెప్టెంబరులో నియామక పత్రాలిచ్చారు. 15,941 మంది. పోనీలే, ఇచ్చారు. ఏడేళ్లు ఆకలితో ఉన్నవాడికి ఒక్కపూట విందు పెట్టి, వీడియో తీసి, నెల రోజులు ప్రచారం చేసుకోవడం మన దగ్గర పరిపాలన.

బడిలో పంతులు ప్రతి ఏప్రిల్‌లోనూ రిటైరవుతాడు, ప్రతి జూన్‌లోనూ రిటైరవుతాడు. పిల్లలు ప్రతి జూన్‌లోనూ వస్తారు. పోస్టులు మాత్రం ఎన్నికల గడియారం ప్రకారం వస్తాయి. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పది శాతం దాటకూడదని చట్టంలో 26వ సెక్షన్ ఉంది. ఆ సెక్షన్ చదివిన మంత్రి ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.

1998 డీఎస్సీ వాళ్ల కథ తెలుసు కదా? పరీక్ష రాశారు, అర్హత సాధించారు, వివాదాల్లో ఇరుక్కున్నారు. 2022లో ఆంధ్రలో దస్త్రం కదిలింది. 2023లో కాంట్రాక్టు పద్ధతి మీద, మినిమం టైమ్ స్కేల్‌తో పోస్టింగులిచ్చారు. పాతికేళ్లు! పెళ్లికి ముందు పరీక్ష రాసినవాళ్లు మనవల్ని ఎత్తుకునే వయసులో బడికి వెళ్లారు. కొందరి సర్వీసు మొత్తం కలిపినా వాళ్లు ఎదురుచూసిన కాలంలో పదోవంతు లేదు. ఇంత ఓపిక ఉన్న మనుషులు దొరికిన దేశంలో ప్రభుత్వాలకి సిగ్గెందుకు పుడుతుంది?

ఈలోగా ఖాళీ బళ్లు ఎవరు నడిపారు? చౌక పంతుళ్లు. ఎన్టీఆర్ కాలంలో నెలకి 398 రూపాయలతో స్పెషల్ టీచర్లని పెట్టారు. ‘398 టీచరు’ అన్న పేరు ఈనాటికీ సీనియర్ల నోట్లో ఉంది. తర్వాత అప్రెంటిస్‌లు వచ్చారు. తర్వాత విద్యా వాలంటీర్లు. తెలంగాణలో వాళ్లకి నెలకి 12 వేలు. కరోనా రాగానే వాళ్లని ఇంటికి పంపారు, మళ్లీ పిలవలేదు. ‘వాలంటీరు’! స్వచ్ఛందంగా వచ్చాడట! ఆకలితో వచ్చినవాడికి ఇంత అందమైన పేరు పెట్టాలంటే ఐఏఎస్ చదవాల్సిందే.

సరే, ఇన్ని గండాలు దాటి పర్మనెంట్ పోస్టు కొట్టినవాడైనా నిలుస్తున్నాడా? కొత్తగా చేరిన కుర్ర మాస్టార్ని కదిపి చూడండి. బ్యాగులో పిల్లల నోట్సు పక్కనే గ్రూప్-2 మెటీరియల్ ఉంటుంది. ఒక్క టీచరు బడిలో ఆయనే హెడ్మాస్టరు, ఆయనే అటెండరు, ఆయనే వంటబిల్లుల గుమాస్తా. బిల్లులు నెలల తరబడి రావు, కిరాణా కొట్లో అప్పు ఆయన పేరు మీదే. పైకి పోవాలంటే దారి? ఎంఈవో పోస్టులు ఏళ్ల తరబడి ఇన్‌చార్జిలతో నడిచాయి. ఏకీకృత సర్వీసు రూల్స్ అనే కేసు ఒక తరం టీచర్లని రిటైర్ చేయించింది. వాళ్ల పదోన్నతి కాగితం ఇంకా కోర్టు సంచిలోనే ఉంది. ఇవన్నీ చూసినవాడు రెండేళ్లలో జూనియర్ అసిస్టెంటు పరీక్షయినా రాసి బయటపడదామనుకుంటే తప్పు ఎవరిది?

తెలంగాణ గురుకులాల్లో ఇదే తమాషా ఇంకో రకం. 2023లో తొమ్మిది వేలకు పైగా పోస్టులకి నోటిఫికేషన్లు. ఒక్కో అభ్యర్థికి రెండు, మూడు ఉద్యోగాలొచ్చాయి. పైపోస్టు ముందు నింపి, కిందపోస్టు తర్వాత నింపండి మహాప్రభో అని అభ్యర్థులు రోడ్డెక్కి మొత్తుకున్నారు. వినిపించుకుంటే ప్రభుత్వం ఎలా అవుతుంది? ఒకడు ఒక కుర్చీలో కూర్చున్నాడు, అతని పేరు మీదే ఇంకో రెండు కుర్చీలు ఖాళీగా మిగిలాయి. తర్వాతి ర్యాంకువాడు గేటు బయట నిలబడి ఆ ఖాళీ కుర్చీ వంక చూస్తున్నాడు. చేరినవాడికి మాత్రం సుఖమా? పగలు పాఠం, రాత్రి కాపలా, పిల్లాడికి కడుపునొప్పొస్తే ఆసుపత్రి, అన్నంలో పురుగొస్తే సస్పెన్షన్. బియ్యం కొన్నది ఎవరో, కాంట్రాక్టు ఎవరిదో ఎవరూ అడగరు.

2021 డిసెంబరులో తెలంగాణ జీవో 317 తెచ్చింది. కొత్త జిల్లాలకి సీనియారిటీ ప్రకారం టీచర్ల పంపకం. భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా, పిల్లలు అమ్మమ్మ దగ్గర. స్థానికత కోసం తెచ్చుకున్న రాష్ట్రంలో స్థానికుడే పరాయి జిల్లాకి రెక్కలు కట్టుకుని ఎగరాల్సి వచ్చింది. ఆంధ్రలో 2004 తర్వాత చేరినవాళ్లకి పాత పింఛను లేదు, దాని బదులు సీపీఎస్. అధికారంలోకి రాగానే వారంలో సీపీఎస్ రద్దు అన్నారు జగన్‌మోహన్ రెడ్డి. వారం గడిచింది. మాసం గడిచింది. రెండేళ్లు దాటాక, సాంకేతిక అంశాలు తెలియక హామీ ఇచ్చామని ప్రభుత్వ సలహాదారే సెలవిచ్చారు. పరీక్షలో పిల్లాడు ‘తెలియక రాశాను సార్’ అంటే సున్నా వేస్తాం. వీళ్లకి సలహాదారు పదవులు వేశాం. జీతాల సవరణ మీద 2022 ఫిబ్రవరి 3న విజయవాడ రోడ్లు టీచర్లతో నిండిపోయాయి. మారువేషాల్లో, పోలీసుల కళ్లుగప్పి వచ్చారు. పాఠం చెప్పే మనిషి తన జీతం కాగితం గురించి అడగడానికి దొంగలా ఊరు దాటాలా?

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. సర్వీసులో అయిదేళ్లకు మించి మిగిలిన టీచర్లు రెండేళ్లలో టెట్ అనే అర్హత పరీక్ష పాసవ్వాలి, లేకపోతే ఇంటికే. పాతికేళ్లు పాఠం చెప్పిన మాస్టారు ఇప్పుడు తన శిష్యుడి పక్క బల్ల మీద కూర్చుని పరీక్ష రాయాలి. అర్హత చూడాలి, తప్పులేదు. కానీ అంత పట్టుదల అర్హత తయారయ్యే చోట కనిపించదేం? మన రెండు రాష్ట్రాల్లోనూ ‘నాన్ అటెండింగ్ బీఈడీ’ అనే దివ్యమైన వస్తువు దొరుకుతుంది. క్లాసుకి రానక్కర్లేదు, ఫీజు వస్తే చాలు. బస్టాండు గోడల మీద పోస్టర్లు వేసి మరీ అమ్ముతారు. పాఠం చెప్పడం నేర్పే కాలేజీలో పాఠమే లేదు. ఆ కాలేజీల్ని తనిఖీ చేసిన కమిటీలకి కూడా మొహం చూపించే యాప్ పెడితే ఎన్ని నాన్ అటెండింగ్‌లు తేలతాయో!

ఇక్కడ ఒక మాట. టీచర్లందరూ దేవుళ్లని ఎవరూ అనడం లేదు. చిట్టీలు వేసేవాళ్లున్నారు, ప్లాట్లు అమ్మేవాళ్లున్నారు, ఆన్‌డ్యూటీ పేరుతో బడి మొహం చూడని సంఘ నాయకులున్నారు. టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికలొస్తే కవరు అందుకునే చేతులున్నాయి. సొంత బడి మీద నమ్మకం లేక పిల్లల్ని ప్రైవేటుకి పంపే పంతుళ్లు కొల్లలు. కానీ విచిత్రమేమిటంటే, ఈ వ్యవస్థలో సుఖంగా ఉన్నది వాళ్లే. వాళ్లు ఉద్యోగం మానరు. మానేది పాఠం చెబుదామని వచ్చినవాడు.

అలాంటివాడు ఉంటే ఏమవుతుందో జనానికి తెలుసు. 2024లో మంచిర్యాల జిల్లాలో ఒక మాస్టారికి బదిలీ అయితే, 133 మంది పిల్లలు టీసీలు తీసుకుని ఆయన వెళ్లిన బడికే మారిపోయారు. బదిలీ అయిన మాస్టారు కారెక్కుతుంటే పిల్లలు చుట్టుముట్టి ఏడ్చే వీడియోలు ఏటా వస్తాయి. లక్షల మంది చూస్తారు. మనమూ ఏడుపు బొమ్మ పెట్టి పదిమందికి పంపుతాం. ఆ బడికి తర్వాతి మాస్టారు ఎప్పుడొచ్చాడని ఒక్కడంటే ఒక్కడు అడిగాడా?

సర్కారు బడి ఇలా ఉంది కాబట్టే ప్రైవేటుకి పంపుతున్నాం అంటారు. అక్కడేదో పంతుళ్లు స్వర్గంలో ఉన్నట్టు! ఈ-టెక్నో, ఒలింపియాడ్, ఐఐటీ ఫౌండేషన్... బోర్డు మీద ఉన్న మాటల్లో సగం టీచరు జీతంలో సున్నాలుగా పెట్టినా బాగుండేది. పదిహేను వేలు కూడా దాటని జీతాలు వీధికొకటి దొరుకుతాయి. మేలో మండుటెండలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి. టార్గెట్ కొట్టకపోతే జూన్‌లో కుర్చీ ఉండదు. వేసవి నెలలకి జీతం ఉండదు. వేరే బడికి పోదామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కరస్పాండెంటు బీరువాలో. బతకలేక బడిపంతులన్నారు పెద్దలు. ఇప్పుడు బడిపంతులై బతకలేక బైకు మీద బిర్యానీ పొట్లాలు మోస్తున్నాడు. ఏడాదిలో లెక్కలకి ముగ్గురు టీచర్లు మారారని పేరెంట్స్ మీటింగులో గొంతు చించుకుంటారు కదా, ఆ ముగ్గురూ ఎక్కడికి పోయారో ఎప్పుడైనా కనుక్కున్నారా? మొన్న మీకు రాత్రి భోజనం తెచ్చిచ్చింది వాళ్లలో ఒకడేమో!

కరోనాలో వీళ్లని ఎవరూ చూడలేదు. ఆన్‌లైన్ క్లాసుల ఫీజులు యాజమాన్యాలు వసూలు చేశాయి. చెప్పినవాళ్లకి సగం జీతం, పావు జీతం, చివరికి మొండిచెయ్యి. తోపుడుబండి మీద కూరగాయలమ్మారు, ఉపాధి హామీ పనికెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. లక్ష మందికి పైగా తీసుకున్నారు. ఆ సాయం ఇవ్వడం తప్పని ఎవరూ అనరు. తప్పు వేరే చోట ఉంది. లక్ష మంది పంతుళ్లు నెలకి 25 కిలోల బియ్యం కోసం దరఖాస్తు పెట్టుకునే పరిస్థితి అన్నాళ్లూ ప్రభుత్వానికి కనపడలేదా?

కనపడలేదనడానికి లేదు. నిబంధన ఎప్పుడో ఉంది. 1994 జనవరి 1 నాటి జీవో నంబరు 1. ప్రైవేటు బడి వసూలు చేసిన ఫీజులో 50 శాతం సిబ్బంది జీతాలకి పోవాలి. 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివాటికి. 15 నిర్వహణకి, 15 అభివృద్ధికి. యాజమాన్యానికి మిగలాల్సింది? 5 శాతం. అక్షరాలా అయిదు!

లెక్క వేద్దాం రండి, మనం కూడా ఒకప్పుడు బడికి వెళ్లినవాళ్లమే. ఒక సెక్షన్‌లో నలభై మంది పిల్లలు. తలకి 40 వేల ఫీజు. మొత్తం 16 లక్షలు. సగం అంటే 8 లక్షలు జీతాలకి. సెక్షన్‌కి ఒకటిన్నర టీచరు చొప్పున వేసుకున్నా ఒక్కొక్కరికి నెలకి 44 వేలు రావాలి. చూశారా ఎక్కడైనా? ఇక యాజమాన్యానికి ఆ సెక్షన్ మీద ఏడాదికి మిగిలేది 80 వేలు. పాపం, ఆ 80 వేల కోసమే అయిదంతస్తుల ఏసీ క్యాంపస్‌లు కడుతున్నారు, ఫుల్ పేజీ ర్యాంకుల ప్రకటనలిస్తున్నారు, టికెట్లు తెచ్చుకుని ఎన్నికల్లో నిలబడుతున్నారు. ఎంత త్యాగం! విద్యాదాతలంటే వీళ్లు కదా!

ముప్ఫై ఏళ్లు దాటింది ఆ జీవోకి. దాన్ని అమలుచేయడానికి కమిటీల మీద కమిటీలు. తెలంగాణలో 2017లో తిరుపతిరావు కమిటీ. ఆంధ్రలో 2019లో నియంత్రణ కమిషన్. తెలంగాణలో మళ్లీ విద్యా కమిషన్, ఇంకో ముసాయిదా. నివేదికలు బీరువాలో, ఫీజులు ఆకాశంలో, జీతాలు పాతాళంలో. ఫీజు ఎటు పోయిందో చెప్పే ఆడిట్ కాగితం అడిగి చూసిన డీఈవో ఎవరైనా ఉంటే ఆయనకి నేను సొంత ఖర్చుతో శాలువా కప్పుతాను.

అధికారులు అడగరు. మంత్రులు అడగరు, వాళ్లలో కొందరికి సొంత బళ్లున్నాయి. ఇక మిగిలింది మీరు. జూన్‌లో ఫీజు కట్టడానికి కౌంటరు దగ్గర నిలబడతారు కదా! పుస్తకాలకి ఇంత, బస్సుకి ఇంత, యూనిఫాంకి ఇంత, యాక్టివిటీ అని ఇంకేదో ఇంత. రసీదు చేతికొచ్చాక కాస్త ఆగి అడగండి: ‘ఏమండీ, మా వాడికి లెక్కలు చెప్పే సారుకి జీతమెంత ఇస్తున్నారు?’

జవాబు రాదు. టీసీ వస్తుంది.